పాస్‌పోర్టు ఇంకా రాలేదు, ఓడ తేదీ దగ్గరపడింది: ఏ కాగితాలతో క్రూయిజ్ ఎక్కొచ్చు?

మా బాపు రిటైరయిన ఏడాది ఇంటిల్లిపాదీ క్రూయిజ్‌కు వెళ్దామనుకున్నాం. నల్గొండలో పుట్టి పెరిగిన మాకు సముద్రమంటే సూర్యలంక ఒడ్డున మోకాళ్ల దాకా దిగి రావడమే. చెన్నైలో ఓడ ఎక్కి శ్రీలంక దాకా పోయి రావాలని బాపుకు చాలా కోరిక. ఏడుగురిలో ఆరుగురికి పాస్‌పోర్టులున్నాయి. అమ్మది మాత్రం కొత్తగా పెట్టిన ఫైలు. వెరిఫికేషన్‌కు మనిషి వచ్చిన రోజు ఇంటికి తాళం. అమ్మ ఆ రోజు మా అక్క పురుటికని ఉప్పల్‌లో ఉంది. ఓడ బయల్దేరడానికి 19 రోజులుండగా ఫైలు అక్కడే ఆగింది. "మీ అమ్మ రాకుంటె నేను ఎక్క" అన్నడు బాపు.

చివరికి అందరం కలిసే వెళ్లాం, అమ్మ పాస్‌పోర్టు లేకుండానే. ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ 19 రోజుల్లో ఎవర్ని అడిగినా తలా ఒక మాట చెప్పారు. సగం మంది పాస్‌పోర్టు లేకపోతే ఓడ దగ్గరికే రానివ్వరన్నారు. మిగతా సగం ఆధార్ ఉంటే ఎక్కడికైనా పోవచ్చన్నారు. రెండూ తప్పే.

మొదటి మెట్టు: ఓడ ఎక్కడ ఆగుతుందో చూడండి

పాస్‌పోర్టు ఆలస్యమైందని కంగారు పడేముందు టికెట్ మీదున్న రూట్ తీసి, ఓడ ఆగే ప్రతి రేవు పేరూ చదవండి. వాటిలో ఒక్కటైనా పరాయి దేశపు రేవు ఉంటే పాస్‌పోర్టు తప్పనిసరి. "ఓడ దిగం, లోపలే కూర్చుంటాం" అన్నా కుదరదు. దేశం దాటే ప్రయాణికులందరికీ బయల్దేరే రేవులోనే ఇమ్మిగ్రేషన్ జరుగుతుంది.

అన్నీ మన దేశపు రేవులే అయితే భారత పౌరులకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ముంబయి నుంచి గోవాకో, కొచ్చికో, లక్షద్వీప్‌కో వెళ్లే ఓడలు, ఏ రేవులోనూ ఆగకుండా సముద్రంలోకి పోయి తిరిగి అదే రేవుకు వచ్చే రెండు మూడు రాత్రుల ట్రిప్పులు ఈ కోవలోవి. కార్డేలియా క్రూయిజెస్ వారి ఎంప్రెస్ ఓడ నడిపే దేశీయ ట్రిప్పులు ఇలాంటివే. అదే ఓడ కొన్ని సీజన్లలో శ్రీలంకకూ వెళ్తుంది. అంటే ఓడ పేరు చూసి నిర్ణయించుకోకూడదు. ఒకే ఓడ ఈ వారం పాస్‌పోర్టు అడగదు, వచ్చే వారం అడుగుతుంది.

మేం ముందు చూడనిది ఇదే. రూట్ చూశాక బాపును కూర్చోబెట్టి మాట్లాడాం. శ్రీలంక టికెట్లను, చెన్నైలో ఎక్కి చెన్నైలోనే దిగే రెండు రాత్రుల దేశీయ ట్రిప్పుకు మార్చుకున్నాం. మార్చినందుకు కొంత డబ్బు పోయింది, కానీ అమ్మ మాతో వచ్చింది.

రెండో మెట్టు: దేశం దాటని ఓడకు ఏ కార్డులు?

ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు కావాలి. ఓటరు కార్డు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు: వీటిలో ఏదైనా ఒకటి, ఒరిజినల్. పాన్ కార్డును నమ్ముకుని బయల్దేరకండి. దాని మీద ఫొటో ఉన్నా చిరునామా ఉండదు, ఓడ దగ్గర గుర్తింపుగా తీసుకోకపోవచ్చు. పిల్లలకు ఆధార్ ఉంటే సరిపోతుంది. చంటిబిడ్డకు ఇంకా ఆధార్ తీయించకపోతే మున్సిపాలిటీ లేదా గ్రామ పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం వెంట పెట్టుకోండి.

ఫోన్లో డిజిలాకర్ ఉంది కదా అనుకోవద్దు. విమానాశ్రయంలో అది నడుస్తుంది, కానీ రేవు గేటు దగ్గర సిగ్నల్ లేక ఫోన్ తెరుచుకోకపోతే వెనకాల క్యూలో వందమంది నిలబడి ఉంటారు. కార్డు పోయి ఉంటే, వారం పది రోజుల టైముంటే ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో పీవీసీ ఆధార్ (ప్లాస్టిక్ కార్డు) ఆర్డర్ పెట్టండి. స్పీడ్ పోస్టులో ఇంటికి వస్తుంది.

లక్షద్వీప్ విషయం వేరు. అది మన దేశమే అయినా అక్కడ అడుగుపెట్టాలంటే ప్రవేశ అనుమతి కావాలి. ఓడ కంపెనీయే ఆ పని చూసుకుంటుందా, ఫారాలు మనమే నింపి పంపాలా అన్నది బుక్ చేసేటప్పుడే అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. కొచ్చి నుంచి ఎంవీ కవరత్తి ఓడలో వెళ్లే "సముద్రం" అనే టూర్ ప్యాకేజీకీ ఈ అనుమతి కావాల్సిందే. అండమాన్‌కు అలాంటి బాధ లేదు. చెన్నై నుంచో, విశాఖ నుంచో వెళ్లే ప్రభుత్వ ఓడలో మూడు రోజులు సముద్రం మీద గడపొచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) దిగడానికి మనకు గుర్తింపు కార్డు చాలు. క్రూయిజ్‌లో ఉండే హంగులు వాటిలో ఉండవు, కానీ సముద్రం చూడాలన్న పెద్దవాళ్లకు అదే పెద్ద తృప్తి.

ఇంట్లో పిల్లలకు ఓడ అనే ముచ్చట తీరితే చాలనుకుంటే మన దగ్గరే లాంచీలున్నాయి. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి, కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి శ్రీశైలానికి నీళ్లు నిండుగా ఉన్న కాలంలో టూరిజం లాంచీలు నడుస్తాయి. నల్లమల కొండల నడుమ కృష్ణ మీద ఆ ప్రయాణం నాకు సముద్రం కన్నా ఎక్కువ ఇష్టం.

మూడో మెట్టు: పేరు

ఇక్కడ తీరిగ్గా చదవండి. మనవాళ్ల ప్రయాణాలు కాగితం లేక ఆగేదానికన్నా, రెండు కాగితాల్లో పేరు రెండు రకాలుగా ఉండి ఆగేదే ఎక్కువ.

మన ఇళ్లలో ఒక మనిషికి ఎన్ని పేర్లుంటాయో లెక్కపెట్టండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఆధార్‌లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం. ఓటరు కార్డులో ఇంటిపేరే ఉండదు. ఆడవాళ్లకైతే మెమోలో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటిది. మా అమ్మ ఓటరు కార్డులో పేరు చివర "మ్మ" ఉంది, ఆధార్‌లో లేదు. ఓడ బుకింగ్‌లో మా తమ్ముడు ఆధార్‌లో ఉన్నట్టు కొట్టాడు. చేతిలో ఉన్న ఒరిజినల్ మాత్రం ఓటరు కార్డు, ఎందుకంటే ఆధార్ కార్డు ఉప్పల్‌లోనే మరిచిపోయి వచ్చింది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వాడే చూసుకుని, ఫోన్ చేసి, కార్డు స్కాన్ పంపి సరిచేయించాడు. రేవు దాకా పోయాక చూసుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

కాబట్టి ఈ వరస తప్పకండి. ముందు ఒక్కొక్కరూ ఏ కార్డు చూపించబోతున్నారో తేల్చుకోండి. ఆ కార్డు ఎదురుగా పెట్టుకుని, దాని మీద ఇంగ్లీషులో ఉన్న పేరును అక్షరం పొల్లు పోకుండా బుకింగ్‌లో ఎక్కించండి. ఇంటిపేరు అడిగే గడి, సొంత పేరు అడిగే గడి వేర్వేరుగా ఉంటాయి. కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంటే ఏం రాయాలో కంపెనీనే అడగండి, సొంత తెలివితో విడగొట్టి రాయకండి. ఆ తర్వాత బుకింగ్ కాగితం ప్రింట్ తీసి, ఇంట్లో ఇంకొకరితో చదివించండి. మన పేరు మనం చదువుకుంటే తప్పు కంటికి ఆనదు.

పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టిన తేదీ చాలావరకు జనవరి 1 ఉంటుంది. పాస్‌పోర్టు అప్లికేషన్‌లో మెమో ప్రకారం వేరే తేదీ ఇచ్చి ఉంటారు. దేశీయ ఓడకు ఆధార్ చూపిస్తే బుకింగ్‌లోనూ ఆధార్ తేదీయే ఉండాలి. పాస్‌పోర్టు ఆలస్యానికీ చాలాసార్లు ఈ తేదీల తేడానే మూలం.

నాలుగో మెట్టు: ఆగిన ఫైలును కదిలించడం

శ్రీలంకకో, సింగపూర్‌కో వెళ్లి తీరాలంటే పాస్‌పోర్టుకు ప్రత్యామ్నాయం లేదు. అప్పుడు చేయాల్సింది ఫైలు ఎక్కడ ఆగిందో కనిపెట్టడం.

పాస్‌పోర్టు సేవా సైట్‌లో ఫైల్ నంబరు, పుట్టిన తేదీ కొడితే స్టేటస్ వస్తుంది. అధికారిక సైటు పేరు చివర గవ్ డాట్ ఇన్ ఉంటుంది. అలాగే కనిపించే దొంగ సైట్లు ఉన్నాయి, వాటిలో డబ్బు కడితే పోయినట్టే. ఫోన్లో కనుక్కోవాలంటే జాతీయ కాల్ సెంటర్ 1800-258-1800.

స్టేటస్‌లో పోలీసు వెరిఫికేషన్ మొదలైందని ఉండి రోజులు గడుస్తుంటే, మీ చిరునామా ఏ ఠాణా కిందికి వస్తుందో అక్కడికి ఫైల్ నంబరు, ఒరిజినళ్లు, రెండేసి జిరాక్సులు తీసుకుని వెళ్లండి. పాస్‌పోర్టు వెరిఫికేషన్ చూసేది స్పెషల్ బ్రాంచి వాళ్లు. "ఎస్‌బీ అతను ఎవరు సార్, మా ఇంటివైపు ఎవరు వస్తారు?" అని మర్యాదగా అడిగితే చెప్తారు. ఎప్పుడు వస్తారో తెలుసుకుని ఆ పూట ఇంట్లో ఉండండి. వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్లకు డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

మాలాగా తాళం వేసిన ఇంటికి వచ్చి వెళ్లిపోతే, మీరు ఆ చిరునామాలో ఉండట్లేదని రిపోర్టు పోవచ్చు. అప్పుడు ఠాణా చుట్టూ తిరిగి లాభం లేదు, ఫైలు పాస్‌పోర్టు ఆఫీసుకు చేరిపోయి ఉంటుంది. మన జిల్లాల వాళ్లకు ఆ ఆఫీసు సికింద్రాబాద్‌లో ఉంది. ఆన్‌లైన్లో ఎంక్వైరీ అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లి, మళ్లీ వెరిఫికేషన్‌కు పంపమని రాతపూర్వకంగా అడగాలి. కారణం ఒక్క పేరాలో నిజం రాయండి: ఫలానా తేదీల్లో కూతురి పురుటికి వెళ్లాను, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను. ఓడ టికెట్ జిరాక్సు జత చేయండి. మా అమ్మ ఇలాగే రాసిచ్చింది, ఫైలు కదిలింది. కాకపోతే మా ఓడ తేదీకి అందలేదు.

ఇంకా అప్లికేషన్ పెట్టనివాళ్లకు ఒక మాట. చిరునామా గడిలో మీరు రోజూ నిద్రపోయే ఇంటి చిరునామా రాయండి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ దేవరకొండ ఇంటి చిరునామా ఇచ్చినవాళ్లు, ముంబయిలో పని చేస్తూ నారాయణపేట చిరునామా ఇచ్చినవాళ్లు వెరిఫికేషన్‌లో చిక్కుకుంటారు. 2018 నుంచి దేశంలో ఏ పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలోనైనా అప్లై చేయొచ్చు. వెరిఫికేషన్ మాత్రం అప్లికేషన్‌లో రాసిన చిరునామాకే వస్తుంది. పాలమూరు వలస కుటుంబాలకు ఇది చాలా ముఖ్యం.

అపాయింట్‌మెంట్లకు హైదరాబాదే పోవాలని లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, భువనగిరిలో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. దొరికిన స్లాట్ కాపాడుకోండి, ఒక అప్లికేషన్ మీద అపాయింట్‌మెంట్ మార్చుకునే అవకాశం ఏడాదిలో మూడుసార్లే.

పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో బయల్దేరాక కూడా అజాగ్రత్త పనికిరాదు. పోస్ట్‌మ్యాన్ గుర్తింపు చూసి సొంతదారు చేతికే ఇస్తాడు. ఇల్లు తాళం ఉంటే ఆఫీసుకు తిరిగిపోతుంది. మీ ఏరియా పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి ఉంచండి.

తత్కాల్ ఎప్పుడు, ఎవరికి?

మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు పెద్దవాళ్లకు 1,500 రూపాయలు, తత్కాల్‌కు అదనంగా 2,000. మొత్తం 3,500. తత్కాల్‌లో వెరిఫికేషన్ సాధారణంగా పాస్‌పోర్టు ఇచ్చాక జరుగుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే కౌంటర్లో ఇచ్చిన రోజును వదిలేసి మూడో పనిదినానికి పాస్‌పోర్టు పంపుతారు. ఆధార్, ఓటరు కార్డు, పాన్, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు పాస్‌బుక్కు లాంటి జాబితాలోంచి మూడు చూపించాలి. ఆ మూడింటిలో పేరు ఒకేలా ఉండాలి, మూడో మెట్టులో చెప్పిన గొడవ ఇక్కడా వెంటాడుతుంది. తత్కాల్ కట్టినంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు, నిర్ణయం అధికారిదే. ఒక ఫైలు నడుస్తుండగా తొందరపడి దాని మీద రెండో అప్లికేషన్ పెట్టకండి, రెండూ ఆగుతాయి.

పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్ డి అనే డిక్లరేషన్ ఫారం కావాలి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం తప్ప మరేదీ తీసుకోరు.

పాత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గడువు తీరే ఏడాది ముందు నుంచే రెన్యువల్ పెట్టుకోవచ్చు. దాని మీద తేదీ ఇంకా ఉంది కదా అని ఊరుకోకండి. చాలా ఓడ కంపెనీలు, దేశాలు ప్రయాణ తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు చెల్లుబాటు అడుగుతాయి.

పాస్‌పోర్టు ఆఖరి నిమిషంలో వస్తే వీసా సంగతి?

పాస్‌పోర్టు వచ్చిన రోజే పని అయిపోదు. సింగపూర్‌లో ఓడ ఎక్కి మలేషియా తిరిగి మళ్లీ సింగపూర్‌లో దిగితే ఆ దేశంలోకి రెండుసార్లు వెళ్లినట్టు. దుబాయ్ నుంచి బయల్దేరే ఓడలకూ, యూరప్ ఓడలకూ అంతే. ఒక్కసారి ప్రవేశానికే పనికొచ్చే వీసా తీసుకుంటే తిరిగి దిగేటప్పుడు చిక్కు వస్తుంది. ఎక్కువసార్లు ప్రవేశం ఉన్న వీసానే అడగండి. ఓడ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి వీసాకు కావాల్సిన రోజులు తీసేయండి. మిగిలిన తేదీలోపు పాస్‌పోర్టు చేతిలో లేకపోతే, ఆశ పెట్టుకోకుండా ఆ రోజే ట్రిప్పు మార్చుకోండి.

విదేశంలో ఉండగా పాస్‌పోర్టు పోతే రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ భారత్‌కు తిరిగి రావడానికి మాత్రమే. దాంతో ఓడ ఎక్కనివ్వరు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లకు

మన దగ్గర ప్రతి వీధిలో ఒకరిద్దరు పిల్లలు అమెరికాలో ఉన్నారు. అమ్మానాన్న వెళ్లినప్పుడు క్రూయిజ్ బుక్ చేయడం ఇప్పుడు మామూలైంది. అక్కడ విన్న మాటను మనకు వర్తించుకుని మోసపోయేది ఇక్కడే.

అమెరికాలో ఒక రేవులో బయల్దేరి మళ్లీ అక్కడే దిగే ఓడను క్లోజ్డ్ లూప్ అంటారు. 2009 జూన్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, బహమాస్, మెక్సికో, కరీబియన్ వైపు ఇలా వెళ్లొచ్చే ఓడల్లో అమెరికా పౌరులు పాస్‌పోర్టు లేకున్నా జనన ధ్రువపత్రం, ప్రభుత్వ ఫొటో కార్డు చూపి తిరిగి దేశంలోకి రావచ్చు. 16 ఏళ్ల లోపు పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే చాలు. అంటే అక్కడ పుట్టిన మీ మనవడి పాస్‌పోర్టు ఆలస్యమైనా వాడు ఓడ ఎక్కగలడు. కానీ కొన్ని దీవులు పాస్‌పోర్టు అడుగుతాయి, కంపెనీ నియమం ఇంకా గట్టిగా ఉండొచ్చు. దారిలో ఆరోగ్యం దెబ్బతిని విమానంలో తిరిగి రావాల్సి వస్తే పాస్‌పోర్టు లేక ఇబ్బంది. అమెరికా పౌరులకు పుస్తకం కాకుండా కార్డు రూపంలో ఇచ్చే పాస్‌పోర్టు కార్డు ఇలాంటి ఓడకు పనికొస్తుంది, అంతర్జాతీయ విమానానికి పనికిరాదు. పౌరులకు 14 రోజుల్లోపు ప్రయాణం ఉంటే అక్కడి పాస్‌పోర్టు ఏజెన్సీలో అత్యవసర అపాయింట్‌మెంట్ ప్రయత్నించొచ్చు.

ఈ సడలింపు పౌరులకే. విజిటర్ వీసా మీద వెళ్లిన అవ్వాతాతలకు భారత పాస్‌పోర్టు, అందులో మళ్లీ ప్రవేశానికి చెల్లే వీసా ఉండాల్సిందే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా కార్డుతో పాటు పాస్‌పోర్టు పట్టుకెళ్లడమే క్షేమం. రెన్యువల్ చేయించుకుంటే పాత పాస్‌పోర్టును రద్దు చేసి తిరిగిస్తారు. అందులో వీసా చెల్లుబాటులో ఉండి పాడవకుండా ఉంటే, కొత్త పాస్‌పోర్టుతో పాటు పాతది కూడా చూపి వాడుకోవచ్చు. దాన్ని అటక మీద పడేయకండి. పాస్‌పోర్టు రెన్యువల్‌కు పంపి, అది తిరిగి వచ్చేలోపు ఓడ బుక్ చేసుకున్నవాళ్లను చూశాను. మన పెద్దవాళ్ల విషయంలో ఆ పని అస్సలు చేయకండి.

ఆ మనవడే సెలవులకు నల్గొండ వచ్చి మనతో ముంబయి ఓడ ఎక్కాలంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఒక్కటే చాలదు. వాడి అమెరికా పాస్‌పోర్టు కూడా ఉండాలి.

డబ్బు పోకుండా

కాగితాలు లేక ఓడ ఎక్కనివ్వకపోతే టికెట్ డబ్బు సాధారణంగా తిరిగి రాదు, ప్రయాణ బీమాలూ చాలావరకు దీన్ని కవర్ చేయవు. అందుకే పాస్‌పోర్టు రాకముందు బుక్ చేయాల్సి వస్తే తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి. ఎన్ని రోజుల ముందు మార్చితే ఎంత కోత పడుతుందో ఆ పట్టిక ప్రింట్ తీసి, కోత పెరిగే తేదీని గోడ మీది క్యాలెండర్లో ఎర్రగా గీసుకోండి. ఫోన్లో ఎవరో "ఏం కాదు సార్, వచ్చేయండి" అంటే నమ్మకండి. రేవులో మిమ్మల్ని ఆపే మనిషి ఆ ఫోన్ ఎత్తిన మనిషి కాదు. మెయిల్లో జవాబు అడగండి.

బయల్దేరే రోజు సంచి

వెబ్ చెక్ఇన్ ముందే చేసి బోర్డింగ్ పాస్ ప్రింట్ తీసుకోండి. ఒక్కొక్కరి ఒరిజినల్ కార్డు, రెండేసి జిరాక్సులు, బుకింగ్ కాగితం, పేరు సవరణ మెయిల్, అన్నీ ఒకే ఫైలులో, ఒకే మనిషి చేతిలో ఉండాలి. పెద్ద సూట్‌కేసులో పెట్టకండి, అది రేవులోనే తీసుకుని ఓడ గదికి పంపిస్తారు. గర్భిణులు ఉంటే డాక్టరు రాసిన ఉత్తరం కావాలి. 24 వారాలకు చేరితే చాలా ఓడల్లో ఎక్కనివ్వరు.

ఓడ గేట్లు బయల్దేరే వేళకు చాలా ముందే మూసేస్తారు. నల్గొండ నుంచి చెన్నైకి రాత్రి రైలు పట్టుకుని పొద్దున దిగి మధ్యాహ్నం ఓడ ఎక్కుదామనే లెక్క నాకు నచ్చదు. ఒక రోజు ముందే చేరండి. మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి బస్సులో వెళ్లేవాళ్లకు ఇది ఇంకా అవసరం.

అమ్మ పాస్‌పోర్టు మేం తిరిగొచ్చిన తొమ్మిదో రోజు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ గడప దాటకముందే కవరు విప్పి ఇంటిపేరు, పుట్టిన తేదీ, చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు మెమోతో సరిచూశాం. మీరూ అలాగే చేయండి. తప్పుంటే వెంటనే పాస్‌పోర్టు ఆఫీసుకు తెలపండి, తర్వాతి టికెట్ కొనేదాకా ఆగొద్దు. బాపు ఆ సాయంత్రమే కొత్త క్యాలెండర్ తెచ్చి, శ్రీలంక వెళ్లే ఓడ ఏ నెలలో ఉందో చూడమని నా ముందు పెట్టాడు.